మూడు చెంచాల పసుపు

రేడియేటరు మూత ఇంకా తీయలేదు, అయినా వాసన వస్తోంది. మరొకరికైతే ఇది ఉడికిన రబ్బరు వాసన, కాగిన ఇనుము వాసన, ఈ షెడ్డు నేలలో ఏళ్ళ తరబడి ఇంకిన ఆయిలు వాసన. నాకు మాత్రం వాటన్నిటి అడుగున మాడిన పసుపు తెలుస్తోంది. పోపులో వేసి మరిచిపోతే వచ్చే చేదు కమురు, గొంతు వెనక అతుక్కుని ఎన్నిసార్లు మింగినా దిగనిది. మెకానిక్ శశికుమార్ కారు బానెట్టు ఎత్తి కడ్డీ ఆనించి, “చల్లారనీమ్మా, ఇప్పుడు తిప్పితే మొగానికి కొడతాది” అని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెనక్కి జరిగాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. విరిగిన కాలిని ఇనుపతీగతో కట్టిన కుర్చీ అది. కదిలితే మూలుగుతుంది, అందుకని కదలడం లేదు. పక్కన బెంచీ మీద శ్రీరంగప్ప, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాడిలా. ఆయన ముఖంలో బండి గురించి దిగులుంది, నా మీద నమ్మకముంది. ఆ రెండోదాన్ని చూడలేక నేను ఆ మూతనే చూస్తున్నాను. దాని కింద ఏముందో ఈ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు. ఇరవై రోజుల క్రితం, ఈ బండిని శ్రీరంగప్పకు అమ్మే ముందురోజు, కారుతున్న రేడియేటరులో మూడు చెంచాల పసుపు వేసింది నేనే.

పోపులపెట్టెలో ఉండే చిన్న స్టీలు చెంచాతో మూడు. మా అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చునే మునెప్ప ఒకప్పుడు లారీ డ్రైవరు. పొద్దున్నే నా బండి కింద టైల్స్ మీద ఆకుపచ్చ కూలెంటు చుక్కలు చూసి ఆయనే చెప్పాడు: “పసుపెయ్యమ్మా, మూసుకుంటాది. మేము లారీల్లో అదే చేస్తా ఉంటిమి. అయితే ఊరు చేరేదాకానే. చేరినాక రేడియేటరు పెట్టె మార్చేయాల.” అందులో రెండు మాటలున్నాయి. నేను మొదటిదే విన్నానని చెప్పుకోబోయాను ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చుని, నాలో నేనే. రెండోది కూడా విన్నాను. స్పష్టంగా విన్నాను. ఎవరూ లేని వేళ చూసి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పి, ఒకటి, రెండు, మూడు వేసి, చెంచా అంచుకు అంటిన పొడిని కూడా వేలితో తుడిచి లోపలికే రాల్చాను, వంటలో రాల్చినట్టే. తర్వాత ఆ చెంచాను కడగకుండా తిరిగి పోపులపెట్టెలో పెట్టాను. ఇరవై రోజులుగా దానితోనే పప్పులో పసుపు వేసుకుని తింటున్నాను. తినేటప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు, ఆ పప్పంతా ఒక్కసారిగా గుర్తొచ్చి, నోట్లో నీళ్ళూరుతున్నాయి, వాంతికి ముందు ఊరేలాంటి పలుచటి నీళ్ళు.

నా ఉద్యోగం కారేవాటిని పట్టుకోవడం. తమిళనాడులోని హోసూరులో, ఒక కంపెనీలో పదకొండేళ్ళుగా ఒకే బల్ల ముందు. పోతపోసిన అల్యూమినియం భాగాల రంధ్రాలన్నీ బిగించి, లోపలికి గాలి నింపి, నీళ్ళతొట్టిలో ముంచి, పది లెక్కపెట్టేలోగా ఎక్కడైనా బుడగ లేస్తుందేమో చూడాలి. ఆవగింజంత బుడగ చాలు, ఎర్రరంగు చుక్క పెట్టి పక్కకు తోసేస్తాను. ఆ చూపు ఇంటికి కూడా వస్తుంది. చారు మరుగుతుంటే, గ్లాసులో సోడా పోస్తుంటే, ఎవరైనా ఎక్కువ తియ్యగా మాట్లాడుతుంటే, ఎక్కడి నుంచి లేస్తోంది అని చూస్తూనే ఉంటాను. ఒకసారి పోత పనివాళ్ళెవరో సన్నని చిల్లిని మైనంతో పూడ్చి పంపారు. మొదట ముంచినప్పుడు బుడగ రాలేదు. అనుమానమొచ్చి వేడినీళ్ళలో ముంచితే మైనం కరిగి తీగలాగా బుడగలు లేచాయి. తెలియక వదిలిన చిల్లిని క్షమిస్తాను, తెలిసి పూడ్చినదాన్ని క్షమించను అని మీటింగులో నిలబడి అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు నా మెడ వెనక వెచ్చబడటం కూడా గుర్తుంది. ఎంత అందంగా అసహ్యించుకున్నాను ఆ రోజు, ఊరూపేరూ తెలియని ఆ మనిషిని!

హైవే మీద మామిడికాయల లారీ వెళ్ళింది. వెనకే పులిసిన వాసన, ఒక ఈగల గుంపు. శ్రీరంగప్ప తల తిప్పి ఆ లారీని, దారిలో గుడి కనిపిస్తే చూసినట్టు చూశాడు. వేప్పనపల్లి దగ్గర ఆయనకు మామిడితోట ఉంది. నాలుగేళ్ళుగా సీజనులో మా గేటు దగ్గరికి బుట్టలతో వచ్చేవాడు. మొదటిరోజు నేను తెలుగులో అడిగితే బుట్ట కింద పెట్టి, “మన మాట మాట్లాడతావే! యా ఊరమ్మా?” అన్నాడు. పలమనేరు అన్నాను. ఆ ఒక్క మాటతో నేను ఆయనకు ఏదో అయిపోయాను. ఇద్దరు బ్రోకర్లు చూపించిన బండ్లు వద్దని, నేను అమ్ముతున్నానని తెలిసి నా దగ్గరికి వచ్చాడు. వచ్చి బానెట్టు తెరవలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, దీపాలు తడిమి, అద్దంలో తన ముఖం చూసుకుని నవ్వాడు. నేనే, సిగ్గులేకుండా, “ఇంజను చూసుకోరా?” అని అడిగాను. “కంపెనీలో చెక్ చేసే మనిషివి నువ్వు. నీ బండిని నేను చెక్ చేసేదేందమ్మా?” అన్నాడు. చూసుకోమన్నాను కదా అని ఆ మాటను దాచుకున్నాను, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి రసీదులాగా. ఎంత ముందుచూపు. ఈ ఉదయం గురుబరపల్లి దగ్గర బండి పొగలు కక్కి ఆగిపోతే ఆయన ఫోన్ చేసింది ఈ షెడ్డుకు కాదు, నాకు. “నువ్వొస్తే ధైర్యమమ్మా.” ఆదివారం, బస్సెక్కి వచ్చేశాను. జాలితో రాలేదు. ఆ మూత నేను లేనప్పుడు తెరుచుకోకూడదని వచ్చాను.

నేను పెళ్ళాడిన జితేంద్ర యాలకులు నమిలేవాడు. పెళ్ళిచూపుల రోజు ఆ వాసన గదంతా నిండితే ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాను. తాగుడు వాసన మీద యాలకుల పొర అని పెళ్ళయిన వారానికి తెలిసింది. వాళ్ళ అమ్మకు తెలుసు, అక్కకు తెలుసు, యాలకులు డబ్బాలో పోసి ఇచ్చింది వాళ్ళే. రెండేళ్ళకు ఆ పెళ్ళిలోంచి బయటికొచ్చాను. ఆ తర్వాత ఎన్నేళ్ళు, ఎంతమందికి, ఎన్నిసార్లు చెప్పాను, మనుషులు అలా ఎలా దాచగలరు, ఎదురుగా కూర్చున్న ఆడపిల్ల ముఖం చూస్తూ ఎలా దాచగలరు అని. ఎలాగో ఇప్పుడు తెలుసు. చాలా సులభం. ఆ ముఖం వైపు చూడకుండా మూత వైపు చూస్తే సరిపోతుంది. పాయసంలో యాలక్కాయ తగిలితే ఇప్పటికీ ఉమ్మేస్తాను. పసుపును ఎక్కడ ఉమ్మను?

శశికుమార్ గుడ్డ మడత పెట్టి మూత మీద వేసి మెల్లగా తిప్పాడు. ఉస్సుమంది. ముఖం పక్కకు తిప్పుకుని, “ఏందిది, సాంబారు కాస్తాండారా లోపల?” అన్నాడు. శ్రీరంగప్ప మర్యాదకు నవ్వాడు. శశికుమార్ బండి కిందికి దూరి, అడుగు గొట్టం క్లిప్పు వదులు చేసి, పాత పెయింటు డబ్బా పెట్టాడు. మొదట తుప్పునీళ్ళు వచ్చాయి. తర్వాత ధార ఆగిపోయింది. వేలు పెట్టి కెలికితే ముద్దగా, తెగుతూ, పసుపు గోధుమరంగులో జారింది. చంటిపిల్లల విరేచనంలాగా ఉంది. కాదు, నాకు అంతకంటే బాగా తెలిసినదానిలా ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు మోకాలు పగిలితే మా అమ్మ పసుపు అద్దింది. పైన గట్టిగా పెచ్చు కట్టింది. మానిపోయిందని అందరూ అన్నారు. నాకు లోపల కొట్టుకుంటున్నట్టు తెలిసేది, అయినా మానిపోయిందనే నేనూ అన్నాను, పెచ్చు కింద వేలితో నొక్కితే మెత్తగా కదలడం నాకొక్కదానికే తెలిసిన ఆటలా ఉండేది. వారం తర్వాత డాక్టరు ఆ పెచ్చు లేపినప్పుడు వచ్చింది ఇదే రంగు, ఇదే చిక్కదనం. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా మోకాలిని చూసి నా తల్లి ముక్కు మూసుకున్న ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన అసహ్యమే మళ్ళీ ఇప్పుడు కలుగుతోంది. ఇన్నేళ్ళూ లోపలే ఉందేమో, డబ్బా పెట్టేవాళ్ళు లేక.

“ఇది పసుపు సార్” అన్నాడు శశికుమార్, వేళ్ళు వాసన చూసి.

 శ్రీరంగప్ప లేచాడు. డబ్బాలోకి వంగి చూశాడు. నేను ఎదురుచూశాను, ఆయన నా వైపు తిరగడం కోసం. ఆయన తిరగలేదు. నుదురు కొట్టుకున్నాడు.

“అయ్యో! మా ఆడదమ్మా! పూజ చేసిన దినం ఇంజను చూస్తానంటే మూత తీసి చూపించినాను. చెంబులో మిగిలిన పసుపునీళ్ళు పోసేసింది అందులో. ఏమే అంటే, దీని కడుపు చల్లగుండాల అనింది. నేనూ నవ్వి ఊరకుండినాను!”

జేబులోంచి ఫోను తీశాడు, స్పీకరు పెట్టాడు. ఆయన భార్య అంగాళమ్మను నేను ఒక్కసారే చూశాను, బండి తీసుకుపోయిన రోజు. ముందు సీటు తలుపు తీస్తే, వెనక్కే వెళ్ళి కూర్చుంది, ముందర మొగోళ్ళు కూర్చునేది కదా అని. “ఏమే, నువ్వు చేసిన పనికి బండి కడుపు ఉడికిపోయింది. బంగారట్లా బండిచ్చింది ఆయమ్మ, ఇరవై దినాల్లో నాశనం చేస్తివి కదే.” అవతల నుంచి కోళ్ళ చప్పుడు. తర్వాత సన్నగా, “నేను కొంచమే పోసినాను కదయ్యా. మంచికే పోసినాను.” “మంచికి! రేపు సంతకు ముందు సీట్లో కూర్చోబెట్టి పిలుచుకపోతానంటిని. ఇంక నువ్వు ఈ బండెక్కేది లేదు. బస్సులో రా.” ఫోను పెట్టేసి, నా వైపు తిరిగి, తప్పు చేసినవాడిలా, “నువ్వేమీ అనుకోవద్దమ్మా” అన్నాడు.

నేను ఏమీ అనుకోలేదు. ఏదో అనుకోవడానికి మనిషి లోపల ఒక చోటు కావాలి కదా, అక్కడ అంతా ఆ డబ్బాలోని ముద్దే నిండిపోయింది. శశికుమార్ మాత్రం అనుకున్నాడు. ఆ ముద్దను స్క్రూడ్రైవరుతో కదిపి చూశాడు, శ్రీరంగప్పను చూశాడు, నన్ను చూశాడు. “బండి ముందర ఎవురిది?” అన్నాడు. “ఈయమ్మదే. హోసూరు కంపెనీలో చెకింగ్ ఆఫీసరు” అన్నాడు శ్రీరంగప్ప గర్వంగా. “ఓ” అన్నాడు శశికుమార్. “అట్లయితే పూజ పసుపే సార్. గట్టిగా పట్టేస్తాది.” పైగొట్టం ఊడదీసి, ఫ్యాను విప్పి, బోల్టులు ఒక్కొక్కటీ డబ్బా మూతలో వేసుకుంటూ, శ్రీరంగప్ప బయట టీ చెప్పడానికి వెళ్ళినప్పుడు, తల ఎత్తకుండా, గొంతు తగ్గించి అన్నాడు: “అందరూ చేసేదేలేమ్మా. నేను చెప్పను.”

అన్నిటికంటే ఇది ఎక్కువ కంపు కొట్టింది. ఆ మాటలోని దయ. నన్ను తన జట్టులో కలుపుకున్న ఆ మెత్తదనం, ఒంటి మీద తెలియకుండా జారే జిడ్డులాగా. చెప్పను అని ఆయన అనగానే నా భుజాలు కిందికి దిగాయి. అది నేను చూశాను, నా భుజాలు నన్ను అడగకుండా సంతోషపడటం. టీ వచ్చింది. దాని మీద మీగడ ముడతలు పడి పొరలా కదులుతోంది. వేలితో ఆ పొర తీసి నేలమీద విదిలించాను. ఈగలు వాలాయి. పాత రేడియేటరును శశికుమార్ రెండు చేతులా పైకి లాగి గోడకు ఆనించాడు. మూల అతుకు దగ్గర, కారినచోట ఎండి కట్టిన ఆ పాత తెల్లటి పెచ్చు, నేను రోజూ చూసి, రోజూ రేపు బాగుచేయిద్దామనుకున్నది, అలాగే ఉంది. ఇంజనులోకి నీళ్ళగొట్టం పెట్టి కడుగుతున్నాడు. పసుపునీళ్ళు షెడ్డు నేల మీద పారి, నా చెప్పుల పక్కనుంచి, వెతుక్కుంటూ వచ్చినట్టు వంకరగా వచ్చి, కుర్చీ కాలి తీగ దగ్గర ఆగాయి. కాళ్ళు పైకెత్తాను. కుర్చీ మూలిగింది.

చాలాసేపు కడిగాక నీళ్ళు తేటపడ్డాయి. కృష్ణగిరి నుంచి తెప్పించిన కొత్త రేడియేటరు అట్టపెట్టెలోంచి బయటికి వచ్చింది, సన్నని రెక్కలు ఒక్కటీ వంగకుండా, ఎవరూ చూడని వస్తువుకుండే మెరుపుతో. బిగించాడు. గొట్టాలు తొడిగాడు, క్లిప్పులు తిప్పాడు. కూలెంటును శుద్ధిచేసిన నీళ్ళతో కలిపి గరాటు పెట్టి పోయడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ ద్రవం, రేడియేటరు గొంతు దాకా వచ్చి ఆగింది. బండి స్టార్ట్ చేశాడు, మూత పెట్టకుండానే. “గాలి పోవాల లోపల. గాలి ఉంటే మళ్ళీ ఉడుకుతాది. బుడగలు నిలిచేదాకా పోస్తానే ఉండాల.” నేను లేచి వెళ్ళి వంగి చూశాను. పదకొండేళ్ళ అలవాటు. ఆకుపచ్చ మూతిలోంచి ఒక బుడగ లేచింది. ఇంకొకటి. మట్టం దిగింది, ఆయన పోశాడు. ఇక్కడ బుడగ రావడం మంచిదట. లోపలిది బయటికి రాకపోతే ఈ కొత్త పెట్టె కూడా పనికిరాదట.

“రేపు ఒక్కన్నే పోతానమ్మా సంతకు” అన్నాడు శ్రీరంగప్ప పక్కనుంచి, నవ్వుతూ. “ఆమెకు బుద్ధి రావాల. ఏడుస్తా ఉంటాదిలే ఈపాటికి.”

“శ్రీరంగప్పా, ఆ పసుపు నేనేసింది.”

గొంతు నాదే. బుడగల వైపు చూస్తూనే అన్నాను. శశికుమార్ చేతిలో సీసా ఆగింది. శ్రీరంగప్ప ఒక్క క్షణం నన్ను చూశాడు, తర్వాత పెద్దగా నవ్వాడు, తల ఊపుతూ, కళ్ళలో నీళ్ళు తిరిగేలా.

“చూసినావా శశీ! ఆడోళ్ళను ఆడోళ్ళే కాపాడుకుంటారు. ఆమెను తిట్టినానని ఈయమ్మ తన నెత్తినేసుకుంటా ఉండాది. దేవతవమ్మా నువ్వు. నీ మాట కోసం రెండు దినాలు తిట్టను, సరేనా?”

చెప్పేశాను. నమ్మకపోవడం ఆయన ఇష్టం. ఈ ఆలోచన ఎంత వేగంగా, ఎంత సిద్ధంగా వచ్చిందో! చూసుకోమన్నాను కదా అన్నదాని పక్కనే, రెండో రసీదు. నేను నిజం చెప్పాను, దానికి నాకు దేవత అనే పేరు వచ్చింది, తప్పు అంగాళమ్మ దగ్గరే ఉంది, బండి బాగైంది. అన్నీ సర్దుకున్నాయి. నా కడుపులో ఏదో చల్లబడింది, నిజంగా, ఆ ఆకుపచ్చ ద్రవం నాలోకి పోసినట్టు. ఆ చల్లదనం తగలగానే డోకు వచ్చింది. షెడ్డు పక్కకు పరుగెత్తి, పాత టైర్ల వెనక వంగి కక్కాను. టీ, పొద్దున తిన్న ఉప్మా. అందులోనూ పసుపు రంగే. ఉప్మాలో ఎందుకు వేశాను పసుపు? చేతికి అలవాటైపోయింది.

నోరు కడుక్కుని వచ్చేసరికి బెంచీ మీద శ్రీరంగప్ప ఫోను మోగుతోంది. “ఆమే. నీతో మాట్లాడాలంట” అని నా చేతికిచ్చాడు, మొండి పిల్లను అప్పగిస్తున్నట్టు. చెవికి పెట్టుకున్నాను.

“హేమమ్మా, నేను అంగాళమ్మను. తప్పుగా ఎంచుకోవద్దమ్మా. నీ బండిని నేనే చెడిపినాను. నా చెయ్యి మంచిది కాదు. ఇంక దాన్ని ముట్టనులే.”

వెనక కోళ్ళు. ఆమె ఊపిరి. ఆమెకు నా ముఖం కనబడదు. నాకు ఆమె ముఖం కనబడదు. అయినా మొదటిసారి ఈ రోజు ఎవరినో ఎదురుగా చూస్తున్నట్టుంది.

“నీ చెయ్యి కాదు అంగాళమ్మా. రేడియేటరు ముందునుంచే కారుతా ఉండింది. మీకు అమ్మే ముందురోజు అందులో పసుపేసి మూసినాను. మూడు చెంచాలు. నిన్ను కాపాడేదానికి చెప్పడం లేదు. ఈయప్ప నమ్మలేదు. నిజంగానే వేసినాను.”

కోళ్ళు ఆగిపోయాయనిపించింది. శశికుమార్ మూత బిగించబోతూ ఆగాడు. శ్రీరంగప్ప ఇంకా చిరునవ్వుతోనే ఉన్నాడు, ఆడవాళ్ళ మాటలు కదా అని, రోడ్డు వైపు చూస్తూ.

“మూడు చెంచాలా?” అంది అంగాళమ్మ.

“మూడు.”

“ప్యాకెట్టు పసుపా?”

“ప్యాకెట్టే.”

 ఇప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. కోపం కూడా లేదు. బియ్యంలో రాయి దొరికినప్పుడు దాన్ని చూసే చూపుకు గొంతుంటే అలా ఉంటుంది.

“నేనేసింది మా చేలో కొమ్ములు దంచిన పసుపు. చిటికెడు. ఆయన తిట్టినప్పట్నించి అనుకుంటానే ఉండాను, చిటికెడుకు ఇంత ఎట్లయిందా అని.”

బండి ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది. వేడిగాలి నా చీరకు తగిలింది. అందులో పసుపు వాసన లేదు.

“ఆయనకియ్యమ్మా ఫోను” అంది.

ఇచ్చాను. శ్రీరంగప్ప నవ్వుతూనే అందుకున్నాడు. ఈసారి మూత వైపు చూడకుండా ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను.